వెనక్కి నడిచిన ప్రభ

మొన్న ఆదివారం సత్సంగం ముగించుకుని గుంటూరులో మా అక్క కూతురింటికి వెళితే, వెబ్‌సైట్లు తయారుచేయడమే వృత్తిగా పెట్టుకున్న ఆ పిల్ల కాఫీ చేతికిచ్చి పక్కన కూర్చుని, ఈ ఏడు ఏయే రకం డిజైన్లు నడుస్తున్నాయో తన కంప్యూటర్లో ఒక్కొక్కటే తీసి చూపించింది. నల్లటి తెర మీద తెల్లటి పెద్దపెద్ద అక్షరాలు, చుట్టూ బోలెడంత ఖాళీ, చేత్తో గీసినట్టుండే వంకర బొమ్మలు, వేలితో పైకి తోస్తుంటే మెల్లగా లేచి వచ్చే ఫొటోలు. అన్నీ ముచ్చటగా ఉన్నాయన్నాను. ఆఖరున ఎవరిదో చీరల దుకాణం పేజీ తీసింది. అందులో ఫొటోలు ఒకదాని వెనక ఒకటి కుడి నుంచి ఎడమకు ఆగకుండా జారిపోతున్నాయి. "పాత ఫ్యాషనే పిన్నీ, మళ్లీ తిరిగొచ్చింది" అంది నవ్వుతూ. కప్పు కింద పెట్టబోయి కాఫీ చీర మీద ఒలకబోసుకున్నాను. వేడిగా ఉందని ఏదో సర్దిచెప్పాను గానీ, అసలు సంగతి ఆ పిల్లకు చెప్పడానికి నోరు రాలేదు. నా వయసు వాళ్లు చదువుతారు కదా అని ఇక్కడ రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సత్తెనపల్లిలో ఒక కంప్యూటర్ సెంటర్లో నేను పాఠాలు చెప్పేదాన్ని. మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి గుడిలోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం, మౌస్ పట్టుకోవడానికి ముందు చేతులు తుడుచుకునేవాళ్లం. అప్పటి వెబ్‌సైట్లలో ఖాళీ కనబడితే దరిద్రం కింద లెక్క. అక్షరాలు మిణుకుమిణుకుమనాలి, దీపం వెలుగుతున్నట్టు బొమ్మ ఆడాలి, పేజీ తెరవగానే పాట మోగాలి, ఫొటోలు అటూ ఇటూ పరిగెత్తాలి. నేను చేసే పేజీల్లో అన్నీ కదిలేవి. మా ఊళ్లో బస్సు దిగితే చిన్నపిల్లలు కూడా కంప్యూటరక్క వచ్చిందనేవాళ్లు, ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

నాన్న చిన్నప్పుడే పోతే నన్ను బాబాయే పెంచాడు. బాబాయి మా శివాలయం భజన మండలిలో మృదంగం వాయించేవాడు, సోమవారాలు మండపంలో పురాణం చెప్పేవాడు. నా చదువంటే బడిలో చదివిందీ, సెంటర్లో నేర్చుకున్నదీ కాదు, ఆ మండపం స్తంభానికి ఆనుకుని విన్నదే. ఇప్పటికీ పొద్దున్నే రుద్రం చదవకుండా మంచినీళ్లు ముట్టను.

మా ఊరు రెండు బజార్లు, పై బజారు, కింద బజారు. మాది పై బజారు. శివరాత్రికి బజారుకొక ప్రభ కట్టేవాళ్లు. ఎత్తైన వెదురు కట్టడానికి రంగుగుడ్డలూ, అద్దాలూ, లైట్లూ కట్టి బండి మీద నిలబెట్టి ఎడ్లతో లాగించే ఆ ప్రభను మీరు చూసే ఉంటారు. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. గడప దాటిన ప్రభ మొక్కు తీరేదాకా వెనకడుగు వేయకూడదు. బండి చక్రం గుంటలో పడినా ముందుకే లాగాలి, ఎడ్లు అలిసిపోతే మనుషులు భుజం పెట్టాలి, అంతేగాని ఒక్క మూర వెనక్కి జరిపినా ఆ బజారుకు ఆ ఏడు చావు తప్పదని నమ్మకం. మా తాతల కాలంలో, దారిలో ఎదురుపడిన రెండు ప్రభల్లో ఎవరూ వెనక్కి తగ్గక తలకాయలు పగిలాయట. తర్వాత పెద్దలు కూర్చుని, ఒక ఏడు వాళ్ల ప్రభ ముందు, మరో ఏడు మా ప్రభ ముందు అని రాజీ చేసుకున్నారు.

ఆ రాజీ తర్వాత అన్నేళ్లకు రెండు బజార్లూ కలిసి తలపెట్టిన మొదటి పని మా గుడి వెబ్‌సైట్. పక్క ఊరి గుడికి ఉందట, మనకెందుకు లేదన్నారు. నాకప్పగించారు. అందరికన్నా సంతోషించింది కింద బజారు పెద్ద, నా చిన్ననాటి నేస్తం వాళ్ల నాన్న. ఆయన్ని నేను మావయ్యా అని పిలిచేదాన్ని. నా ఆరేడేళ్ల వయసులో జనంలో ప్రభ కనబడక ఏడుస్తుంటే భుజాల మీద ఎక్కించుకుని చూపించిన మనిషి.

ఎవరికీ ఎక్కువ తక్కువ కాకూడదని రెండు ప్రభల ఫొటోలూ ఒకే కొలతకు కత్తిరించి, పేజీ పైభాగంలో పెట్టి, రెండూ జారేలా చేశాను. అప్పట్లో మామూలుగా ఏ బొమ్మను కదలమన్నా అది కుడి నుంచి ఎడమకే కదిలేది. రెండింటికీ అదే ఉంచాను. ఫొటోలో మా ప్రభ ఎడ్లు ఎడమవైపు తిరిగి ఉన్నాయి, కింద బజారు ఎడ్లు కుడివైపు తిరిగి ఉన్నాయి. నేను రంగులు చూశాను, లైట్లు చూశాను, అక్షరాల మెరుపు చూశాను. ఎడ్లు ఎటు చూస్తున్నాయో చూడలేదు.

శివరాత్రికి ఇంకా పదిరోజులుందనగా ఒక సోమవారం సాయంత్రం కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో ఊరికి తెచ్చి మండపంలో పెట్టాం. పక్కన రెండు ప్రభలకూ వెదురు చీలుస్తున్నారు, గుడి వెనకే కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మావయ్య తెరకు బొట్టు పెట్టి, మౌస్‌కి కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టాడు. పేజీ తెరిచాను. పాట మోగింది, దీపం ఆడింది, జనం ఆహా అన్నారు. అప్పుడు ప్రభలు కదిలాయి. మాది ఎడ్లు ముందుగా దర్జాగా సాగిపోతోంది. వాళ్లది బండి వెనకభాగం ముందుకు, ఎడ్లు వెనక్కి, తెర పొడవునా వెనకడుగులు వేసుకుంటూ పోతోంది.

మా బజారు కుర్రాడొకడు, మా పెద్దత్త కొడుకు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, చూడండ్రా! కింద బజారోళ్ల ప్రభ మొక్కు తీర్చకుండానే ఇంటికి పోతోందిరా!"

"పొయ్యి మీద కూర మాడుతోందేమోరా" అన్నాడింకొకడు.

మావయ్య నవ్వలేదు. నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగాడు. "ఏమ్మా, తెలీక చేశావా? ఎవరన్నా చేయించారా?"

తెలీక చేశాను మావయ్యా అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అంతమంది ముందు కంప్యూటరక్కకు ఎడ్లు ఎటు నడుస్తాయో కూడా తెలీదని ఒప్పుకోవడానికి నాలుక కదలలేదు. బాబాయి "చిన్నపిల్ల బావా, పొరపాటు..." అంటుండగానే మా అత్త కొడుకు ముందుకు దూకి "మేమే చేయించాం, ఏం పీకుతావు?" అన్నాడు. అది అబద్ధం. నేను నోరు తెరవకపోవడంతో అందరికీ అదే నిజమైంది.

తెరను ఎవరో కాలితో తన్నారు, అద్దం పేలి నిప్పురవ్వలు లేచాయి. చీల్చిన వెదురు బద్దలే కర్రలయ్యాయి. వెదురు తల మీద పడితే వచ్చే చప్పుడు కొబ్బరికాయ పగిలినట్టే ఉంటుందని నాకారోజే తెలిసింది. కల్లంలోకి దొర్లిన వాళ్లు పిడికెళ్లతో ఎండుమిరపకాయలు నలిపి ఒకళ్ల కళ్లలో ఒకళ్లు కుక్కారు, గుడ్డివాళ్లలా తడుముకుంటూనే కొట్టుకున్నారు. ఒక ముసలాయన చెవి తెగి వేలాడుతుంటే చేత్తో పట్టుకుని శివశివా అంటూ గుడి చుట్టూ పరిగెత్తాడు. మావయ్య చేతికి వెదురు నరికే గొడ్డలి దొరికింది. మా అత్త కొడుకు మీదికి ఎత్తాడు. బాబాయి మధ్యకు వచ్చి కుడిచేయి అడ్డం పెట్టాడు. మృదంగం మీద ఆడిన నాలుగు వేళ్లు మండపం బండ మీద పడ్డాయి. మావయ్య గొడ్డలి జారవిడిచి, వాటి వైపు చూస్తూ నిలబడిపోయాడు.

గుంటూరు ఆసుపత్రిలో నాలుగురోజులున్నాం. మా బజారు మగవాళ్లు వరండాలో బీడీలు కాలుస్తూ కూర్చునేవాళ్లు. నాలుగో రోజున వాళ్ల మాటలు లోపలికి వినబడ్డాయి. "చేతికి చెయ్యి ఏంట్రా, చిల్లర బేరం! తలకాయే." జ్వరంలో ఉన్న బాబాయీ విన్నాడు. "అమ్మాయ్, నిజం చెప్పు, మనవాళ్లు చేయించారా?" అనడిగాడు. లేదు బాబాయ్, నేను చూసుకోలేదు అన్నాను. "అయితే బయటికెళ్లి ఆ మాట చెప్పు. నేను చెబితే దయతో అంటున్నాననుకుంటారు. నువ్వు చెబితే వింటారు."

నేను కదలకముందే నా నేస్తం వచ్చింది. మా బజారు మగవాళ్ల మధ్య నుంచి, సంచిలో బత్తాయిలు పట్టుకుని, తల వంచుకుని. నా చేయి పట్టుకుని గుసగుసగా అంది. "నాన్న అన్నం తినట్లేదే. నువ్వు తెలీక చేశానని ఒక్క మాట పెద్దల్లో చెబితే, వచ్చి మీ బాబాయి కాళ్ల మీద పడతానంటున్నాడు. ఒక్క మాటే."

తలుపులోంచి మా అత్త కొడుకు నన్నే చూస్తున్నాడు. చెబితే వాడి అబద్ధం బయటపడుతుంది, మా బజారు పరువు పోతుంది, నా పేరు పోతుంది. "రేపు చెబుతానే" అన్నాను.

శివుడు మొదలూ చివరా లేని వెలుగు స్తంభమై నిలిస్తే, దాని కొన చూశానని బ్రహ్మ ఆడిన అబద్ధానికి సాక్ష్యం చెప్పిన పాపానికి మొగలిపువ్వు పూజకు పనికిరాకుండా పోయిందని బాబాయి ఏటా చెప్పేవాడు, నేను ఏటా వినేదాన్ని. ప్రభ ఆ స్తంభానికి గుర్తనీ చెప్పేవాడు. నా నోరు మాత్రం తెరుచుకోలేదు.

మర్నాడు తెల్లవారగానే మావయ్య కల్లంలో మిరపకాయలు తిరగదోస్తుండగా ఐదుగురు వెళ్లారు. కొడవళ్లతో, ఇనుపరాడ్లతో. ఆయన పారిపోలేదట. వాళ్లు తిరిగిపోయేసరికి కాయలకూ నెత్తురుకూ రంగులో తేడా తెలియలేదని, చద్దన్నం తీసుకెళ్లిన నా నేస్తం కాలికి తడి తగిలేదాకా గుర్తుపట్టలేదని తర్వాత విన్నాను. ఐదుగురిలో మా అత్త కొడుకు ఉన్నాడు.

పదకొండోరోజు దాటాక మండపంలో రెండు బజార్ల ముందూ, పోలీసుల ముందూ అంతా చెప్పాను. మా పెద్దత్త నా ముఖాన ఉమ్మింది, జుట్టు పట్టి నేలకేసి కొట్టింది. కింద బజారు వాళ్లు లేచి వెళ్లిపోయారు. నేను నేస్తం ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి విన్నది. "మా నాన్న బతికుండగా ఈ మాటకి బరువుండేదే" అని తలుపు వేసింది. ఆ తర్వాత పెళ్లయి కనిగిరి వైపు వెళ్లిపోయిందని తెలుసు, అంతే.

సెంటరుకు వెళ్లి ఒకసారి ఆ పేజీ తెరిచాను. వాళ్ల ప్రభ దగ్గర ఎడమకు అని ఉన్నచోట కుడికి అని మార్చాలి. మార్చాను. కింద బజారు ప్రభ ఎడ్లు ముందుగా, ఎవరూ చూడని తెర మీద నడిచింది. నిమిషం కూడా పట్టలేదు. ఆ సాయంత్రమే ఉద్యోగం మానేశాను.

బాబాయి ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఎడమచేత్తో తాళం వేసేవాడు, మృదంగం మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. ఇప్పుడు మా ఊళ్లో ప్రభలు మళ్లీ లేస్తున్నాయి, వెదురు బదులు ఇనుము, ఎడ్ల బదులు ట్రాక్టరు, మధ్యలో పోలీసులు. ఇప్పటి పిల్లలు పేజీలో తప్పు దొర్లితే బస్సులో కూర్చునే ఫోన్లో దిద్దేస్తారు, క్షమించండని ఒక ముక్క రాసేస్తారు, సాయంత్రానికి లోకం మరిచిపోతుంది. మంచిదే, వాళ్లకు నాకున్నంత బింకం లేదు. మా రోజుల్లో గౌరవం ఉండేదని, మాటకు విలువుండేదని మనం తరచూ చెప్పుకుంటాం. విలువుండేది, నిజమే. అందుకే కాబోలు దాన్ని నేను అంత గట్టిగా దాచుకున్నాను.

మా సత్సంగంలో ప్రతిసారీ చివర, తెలిసి చేసినవీ తెలియక చేసినవీ క్షమించమని అందరం కలిసి వేడుకుంటాం. ఎడ్లను చూడకపోవడం తెలియక చేసినది, దాన్ని స్వామి ఆనాడే క్షమించి ఉంటాడు. తెలిసి చేసినవి అనే చోటికి వచ్చేసరికి అందరి గొంతులూ ముందుకు సాగిపోతాయి, నాది ఆగిపోతుంది. "రేపు చెబుతానే" అన్న మాట నేనన్నది స్వామితో కాదు. అన్నది ఎవరితోనో ఆవిడ కనిగిరి వైపు ఎక్కడో ఉంది, అక్కడికి వెళ్లి ఆవిడ తలుపు నేనింకా తట్టలేదు.