చిన్నమ్మ కట్టిన నీళ్ల సంపులు

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో సంపు కడిగించారు. వాచ్‌మన్ బకెట్‌లో బ్లీచింగ్ పౌడర్ కలుపుతుంటే ఆ ఘాటు మెట్ల మీదికంతా ఎక్కింది. పక్కింటావిడ ముక్కు మూసుకుని తలుపేసుకుంది. నేను కూరగాయల సంచితో అక్కడే నిలబడిపోయాను. బాధేమీ కలగలేదు. శంషాబాద్ అవతల, కందుకూరు వైపున్న మా చిన్నమ్మ వాకిలి కళ్లముందుకొచ్చింది, అంతే.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో నేను ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. బోర్లెండిన ఊళ్లలో తాగునీళ్లకు ఏదో ఒక దారి, ఆడవాళ్లకు ఏదో ఒక బతుకుదెరువు చూడటం మా పని. వాటిలో చిన్నమ్మ ఊరు కూడా ఉండటం నా అదృష్టమనుకున్నాను, ఎందుకంటే మధ్యాహ్నం అన్నం అక్కడే. మా అమ్మకు లేని నోరంతా చెల్లెలైన ఆవిడకే వచ్చింది. మేకలతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది, ఎవరూ దొరక్కపోతే పెనం మీద జొన్నరొట్టెను తిట్టేది. చిన్నాయన లారీ మీద పోయి నెలకోసారి వచ్చేవాడు. పదకొండేళ్ల కూతురు తల్లికి ఏమాత్రం తగ్గదు. ఇంటి మీదుగా పోయే విమానాలకు ఊరివాళ్ల పేర్లు పెట్టేది. అన్నిటికన్నా ఎక్కువ మోత చేసేదానికి వాళ్లమ్మ పేరు. పైన అంత సంబరం, కింద బిందెడు నీళ్లకు మాత్రం ట్యాంకర్ దిక్కు.

ఒక ఎండాకాలం నాలుగు రోజులు ట్యాంకర్ రాలేదు. దాన్ని పంపేవాళ్లకు నేను ఫోన్ చేస్తే రేపు తప్పకుండా పంపుతామన్నారు. అప్పుడే చిన్నమ్మ బిందె చంకన పెట్టుకుని, ఎక్కడో దూరాన పొలంలో ఇంకా పోస్తున్న బోరుకు బయలుదేరుతోంది.

"గింత ఎండల యాడికి పోతవ్ చిన్నమ్మా, రేపొస్తదట" అన్నాను.

నా మాట మీద ఆవిడ బిందె దించేసింది. ట్యాంకర్ మర్నాడూ రాలేదు. ఆడుకుని దాహంతో ఇంటికొచ్చిన పిల్ల, కుండ ఖాళీగా ఉంటే పోయి పాత బావి అడుగున మిగిలిన నీళ్లు చేదుకుని తాగింది. తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం, తల చిన్నమ్మ ఒడిలో, కాళ్లు నా ఒడిలో. రెండో రోజు మధ్యాహ్నం పిల్ల పోయింది.

నేను ఏడవలేదు. ఎందుకో తెలియదు, రాలేదు. దినాలనాడు అందరితో కూర్చుని రెండుసార్లు పెరుగు వేయించుకుని తిన్నాను కూడా. చిన్నమ్మ ట్యాంకర్ వచ్చిన రోజు వరసలో నిలబడి, తన వంతు రెండు బిందెలు పట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా ఇంట్లోకి పోయింది. నన్ను కూడా ఏమీ అనలేదు. అన్నం మాత్రం ఎప్పటిలాగే పెట్టేది. మేకలు మేత ముందు పెట్టుకుని కూడా ఆవిడ మొహం చూస్తూ నిలబడేవి.

మరుసటి ఏడు మా సంస్థ ఇళ్లమీద పడే వాననీళ్లను పట్టి ఉంచే సంపులు కట్టించాలనుకుంది. విమానాశ్రయంలో బండలు పరచడానికి రాజస్థాన్ ఎడారి నుంచి వచ్చిన ఒక మేస్త్రీ దొరికాడు. వాళ్ల ఊళ్లో ఏడాదంతా తాగేది అలా దాచుకున్న నీళ్లేనట. చిన్నమ్మ ఊరివాళ్లను కూర్చోబెట్టి, సగం హిందీ సగం తెలుగులో, "మా దిక్కు పిల్లనియ్యాలంటే పిల్లగాని మొహం తర్వాత, ముందుగాల సంపు మూత ఎత్తి చూస్తరు" అన్నాడు. అందరూ నవ్వారు గానీ వాకిలి తవ్వనిస్తామని ఒక్కరూ అనలేదు.

"మా ఇంట్ల తవ్వుండ్రి" అంది వెనకనుంచి చిన్నమ్మ.

తవ్విన మట్టి తనే ఎత్తిపోసింది. సున్నం, ఇసుక తనే కలిపింది. సంపు గోడకు గిలాబు పూసి నున్నగా రుద్దేటప్పుడు మేస్త్రీ అన్నం తినడానికి పోతే అతని తాపీ తీసుకుని లోపలికి దిగింది. అతను తిరిగొచ్చి, ఆవిడ రుద్దిన చోట బొటనవేలితో రాసి చూసి, ఇంకో తాపీ తెచ్చుకోవడానికి పోయాడు.

మొదటి పెద్దవాన మబ్బుల్ని దులిపి పోయిన పొద్దున నేను వెళ్లేసరికి సంపు సగానికి నిండింది. చిన్నమ్మ మూత తీసి దోసెడు తాగింది. ఇప్పుడైనా ఏడుస్తుందేమోనని చూశాను. "సప్పగున్నయ్" అంది. నేను ఇక ఆగలేకపోయాను.

"చిన్నమ్మా, ఆ రోజు రేపొస్తదని చెప్పింది నేనే."

"ఎరుకే" అంది ఆవిడ తల తిప్పకుండా. "నమ్మింది నేను. ఇగ గదంత ఎందుకు బిడ్డా. జర ఆ చెంబు అందియ్యి."

చెంబు అందించాను.

మేస్త్రీ వాళ్ల ఊరికి పోయాక చిన్నమ్మే మేస్త్రీ అయింది. మరో నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని చుట్టుపక్కల ఊళ్లలో సంపులు కట్టింది. అదే వాళ్ల బతుకుదెరువైంది. పనిలో కాస్త నోరు కూడా తిరిగొచ్చింది, గిలాబు సరిగా పట్టకపోతే గోడను తిట్టేది. ఏటా జూన్‌లో బడులు తెరిచినప్పుడు మాత్రం ఒక్క నిమిషం పని ఆపి, "ఈ ఏడు ఎన్నోదిల ఉండునే?" అని నన్నడిగేది. నేను లెక్కేసి చెప్పేదాన్ని. ఏడో తరగతి, ఎనిమిది, తొమ్మిది. తర్వాత ఏ ఏడో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. అది ఏ ఏడో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.