రాజావారు కూర్చున్న కుర్చీ

మా నియోజకవర్గానికి రెండుసార్లు ఎమ్మెల్యేగా చేసిన ఆయన ఒక సంస్థానాధీశుడి మనవడు. సంస్థానం పోయింది, కోట సగం కూలింది, పిలుపు మాత్రం మిగిలింది. "రాజావారు అనకండి" అని ప్రతి సభలోనూ చెప్పేవారు. "అలాగేనండి రాజావారూ" అనేవాళ్ళం. పంచాయతీ సమితి అధ్యక్షుడిగా మొదలుపెట్టిన నాటినుంచీ ఆయన ప్రచారమంతా కాలినడకే. అల్లవరం వైపు మా పల్లెల్లో చాపమీద కూర్చుని భోంచేసేవారు. ఆయన లేచి వెళ్ళాక ఆ చాప చుట్టి, ఇంకెవరూ కూర్చోకుండా అటకమీద దాచిన ఇళ్ళున్నాయి. అప్పట్లో నాకది ముచ్చటగా ఉండేది.

తొంభైల్లో పెద్ద తుఫాను వచ్చింది. నీళ్ళు పూర్తిగా తీయకముందే ఆయన బియ్యం లారీతో వచ్చారు. కాలవగట్టు దగ్గర జీపు ఆగిపోయింది. అక్కణ్ణించి మా ఊరి బెస్తపేటకు మోకాలి లోతు బురద. చెప్పులు విడిచి పంచె ఎగగట్టారు. ఊరిపెద్ద అయిన మా పెదనాన్న అడ్డం వెళ్ళాడు.

"ఆగండి బాబూ. మీ తాతగారొచ్చినప్పుడు మా నాన్న పల్లకీకి భుజం పట్టేడు. మీ కాలికి బురదంటితే మా ఊరికి పరువేనా?"

"ఓట్లడగడానికి నడిచే వచ్చాను కదండీ పెద్దాయనా."

"అది ఓట్లండీ. ఇది మర్యాద."

మా సావిట్లోని టేకు కుర్చీ వచ్చింది. దానికి వెదురుబొంగులు కట్టి, ఆయన్ని బలవంతాన కూర్చోబెట్టి, నలుగురు ఎత్తారు. "దింపండయ్యా" అని ఆయన అంటూనే ఉన్నారు. నడిబురదలో దూకితే మోసేవాళ్ళు పడిపోతారు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తల దించుకున్నారు.

పేటలో ఒక్క ఇంటికీ కప్పు లేదు. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. పడవా ఇల్లూ రెండూ పోయిన ఒకావిడ పక్కావిడతో అంది: "రాజావారికి కాళ్ళు పడిపోయినట్టున్నాయే, పాపం. ముందు ఆయనకే పొయ్యమను బియ్యం." వరసంతా నవ్వింది. పత్రికతను ఫోటో తీసుకున్నాడు. ఊరి బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ రోజూ డైరీ రాసే అలవాటున్న నేను ఆ రోజు పేజీలో పడిపోయిన కొబ్బరిచెట్ల సంగతి రాసి ఆపేశాను.

తరవాతి ఎన్నికల్లో ఎదుటి పార్టీవాళ్ళు ఆ ఫోటోను ప్రతి గోడకూ ఎక్కించారు. అమలాపురం సభలో నేను లేచి, "ఆయన వద్దన్నారండీ, మా ఊరివాళ్ళమే వినలేదు" అన్నాను.

"దిగిపోకుండా తాళ్ళతో కట్టేసేరేంటండీ మాస్టారూ?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. జనం గొల్లుమన్నారు.

ఆయన మైకు అందుకున్నారు. "మాస్టారూ, కూర్చోండి. మోసింది వాళ్ళయినా, కూర్చున్నది నేనే."

ఓడిపోయారు. మళ్ళీ పోటీ చెయ్యలేదు. పెదనాన్న మాత్రం జనానికే మర్యాద తెలీదనుకున్నాడు. కుర్చీమీద తెల్లగుడ్డ కప్పి, మా ఇంట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు పెదనాన్న పోయాడు. రాజావారు ఆటోలో ఒక్కరే వచ్చారు, బాగా చిక్కిపోయి. వాకిట్లో జనమంతా లేచి నిలబడ్డారు. పెదనాన్న కొడుకు నావైపు చూశాడు. ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే లోపలికి వెళ్ళి, గుడ్డ తీసి, తుడిచి, ఆ కుర్చీ తెచ్చి వేశాను. వేశాక గాని ఏం చేశానో నాకు తెలియలేదు.

ఆయన గుర్తుపట్టారు. దాని చేతిమీద ఒకసారి వేళ్ళు పెట్టి తీసేశారు. "ఈసారి నడుస్తానండీ మాస్టారూ" అన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని, పాడె వెనక కాలవగట్టు వెంట శ్మశానం దాకా నడిచారు. అటునుంచి అటే వెళ్ళిపోయారు.

మేం స్నానాలు చేసి తిరిగొచ్చేసరికి కుర్చీ వాకిట్లోనే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు నేలమీద కూర్చున్నారు. ఆనాడు బియ్యం వరసని నవ్వించిన బెస్తపేట ఆవిడ మాత్రం మోకాళ్ళు వంగక స్తంభానికి ఆనుకుని నిలబడింది. అప్పటికి ముసలిదైపోయింది.

"కుర్చీలో కూర్చోవమ్మా" అన్నాను.

"తవరు కూర్చోండి మాస్టారూ. చూసి నేనూ కూర్చుంటాను."

కుర్చీ దగ్గరికి వెళ్ళాను. దాని వీపుమీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. ఆవిడ కాసేపు చూసింది.

"ఆయ్, నాకు తెలుసండీ" అంటూ స్తంభం పట్టుకుని మెల్లిగా నేలమీదికి జారి కూర్చుంది.