కంచె పక్కన నేర్చుకున్న ఎక్సెల్

బీకాం చివరి పరీక్షలు రాసిన ఎండాకాలంలో, సోలార్ పార్కులోని ఒక కంపెనీ ఆఫీసు నుంచి నాకు మెయిల్ వచ్చింది. ఫైనాన్స్ విభాగంలో ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంటున్నామని, చేరేలోపు ఎక్సెల్ బాగా ప్రాక్టీసు చేసుకుని రమ్మని అందులో ఉంది. పార్కుకు భూములు లీజుకిచ్చిన ఇండ్లలో చదువుకున్న పిల్లలకు అవకాశమిస్తామని వాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. మా ఊరు బలసముద్రం నుంచి ఆ ఏడు తీసుకున్నది నన్నొక్కదాన్నే. మా నాయన ఆ మాట టీ అంగడి దగ్గర ఎంతమందికి చెప్పుకున్నాడో నాకు తెలియదు. అప్పటికి ఆయన ఒకప్పుడు సెనక్కాయ వేసిన మా చేలోనే, ప్యానెళ్ళ కింద మొలిచిన గడ్డి కోసే కూలికి పోతున్నాడు.

"ఇంగ నువ్వన్నా ఆడ నీడన కూర్చుంటావు పాపా," అన్నాడు నాతో.

ఎక్సెల్‌లో ఏ వెర్షన్ నేర్చుకోవాలో మెయిల్లో లేదు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడినా మాది కన్నడ రాష్ట్రమే. ఫోన్ చేసి అడిగితే అవతలి మేడం కన్నడలో, ఏదైనా పరవాలేదు, కొత్తదైతే మంచిది అని పెట్టేసింది. అన్నీ అందుబాటులో ఉన్నవాళ్ళకు ఏదైనా పరవాలేదు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుని తిరగడమే పనయింది.

కాలేజీలో ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎక్సెల్ కాదు, దానిలాంటిదే ఉచితంగా దొరికే ఇంకొకటి. గళ్ళు అవే గానీ మెనూలు వేరు. అందులో నేర్చుకుని ఆఫీసులో తడుముకుంటే నవ్వుతారని భయం. పావగడలో నేను ఇంతకుముందు పోయిన కంప్యూటర్ సెంటర్ ఉంది, అక్కడి మిషన్లలో 2007 వెర్షన్. ఇంకొక దారి, ఇంటర్నెట్లో ఖాతా తెరిస్తే బ్రౌజర్లోనే నడిచే కొత్తది. దానికి సిగ్నల్ కావాలి. మా ఇంట్లో ఫోన్ మాట్లాడాలన్నా వీధిలోకి రావాలి.

తెలిసిన చోటు కదా అని ముందు సెంటర్‌కే పోయాను. షేర్ ఆటోలో ఇరుక్కుని రోజూ పావగడ. సెంటర్ సారు నాకు మొదటిసారి మౌస్ పట్టుకోవడం నేర్పిన మనిషి. వెర్షన్ ఏదైనా లోపల లెక్క ఒకటే అని ధైర్యం చెప్పి, పట్టికలో వెతికి అంకె తెచ్చిపెట్టే వీలుకప్ ఫార్ములా మళ్ళీ మొదటినుంచి చేయించాడు. అంతలో కంపెనీవాళ్ళు ప్రాక్టీసుకని ఒక ఫైలు పంపారు. దాన్ని సెంటర్లో తెరిచాం. అంకెలన్నీ బాగానే కనబడ్డాయి. ఒక గడిలోకి పోయి ఎంటర్ కొట్టగానే అక్కడున్న అంకె పోయి, ఆ పేరేదో తనకు తెలియదన్నట్టు తప్పు గుర్తు వచ్చింది. పక్క గడిలోనూ అంతే. అందులో వాడింది ఎక్స్‌లుకప్ అనే కొత్త ఫార్ములా. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఇది నా మిషన్లకు తెల్దమ్మా," అన్నాడు చివరికి. "నేనూ వినలా. ఈడ కూర్చుంటే నీ పొద్దు వేస్టు."

ఆయన మీద నాకు కోపం రాలేదు. కానీ ఆటోలో తిరిగొస్తుంటే ఇంట్లో ఉన్న కాగితం గుర్తొచ్చింది. ఆ సెంటర్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను మా నాయన ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాడు. మా తాలూకులో ఎంతమంది పిల్లలం అక్కడ నేర్చుకున్నామో. మేం నేర్చుకున్నదంతా పట్నంవాళ్ళు వాడి వదిలేసిన వెర్షనే అని మాకెవరూ చెప్పలేదు.

బ్రౌజర్లో నడిచే కొత్తదే నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. సిగ్నల్ బాగా దొరికేది పార్కు రోడ్డు మీద, కంచె పక్కన. తెల్లారగానే ల్యాప్‌టాప్ పట్టుకుని పోయి, ఎండ ముదిరేదాకా అక్కడ ఒక రాయి మీద కూర్చునేదాన్ని. ఆ తర్వాత ఇంటికొస్తే చార్జింగ్ పెట్టడానికి కరెంటు ఉండేది కాదు. కంచె లోపల తయారైన కరెంటు మా తలల మీది తీగల్లో ఎక్కడికో పోయేది. మధ్యాహ్నాలు మా అమ్మ విసనకర్ర పట్టుకునే నిద్రపోయేది.

ఒక పొద్దున లోపలివైపు నుంచి గార్డు వచ్చి నా దగ్గర నిలబడ్డాడు. గార్డంటే మా పెదనాయనే. ఒకప్పుడు ఆయనకు మంద ఉండేది. మేపే బయలంతా కంచెలోకి పోయాక గొర్రెలను సంతలో అమ్మేసి, నీలం చొక్కా వేసుకున్నాడు.

"ఈడ కూర్చోగూడదంట పాపా. కెమెరాలో కనబడతాండావంట."

"ఇది రోడ్డు కదా పెదనాయనా."

"రోడ్డే. నేనూ అదే చెప్పినా. లేపమన్నారు."

నా మొహం చూడకుండా ప్యానెళ్ళ వైపు చూస్తూ అన్నాడు. ఆయన చూస్తున్న చోటే మా చేను ఉండేది. చేను మాది, దానికి కాపలా మా పెదనాయన, ఆయన లేపుతున్నది నన్ను. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు. లేచి, ఇంకా దూరంగా ఉన్న మోరీ గట్టు మీదికి పోయాను. అక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది. ఒక్కో ఫార్ములాకు గుండ్రటి గుర్తు తిరుగుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. అయినా నేర్చుకున్నాను. కంపెనీ ఫైలు మొత్తం తప్పు గుర్తు లేకుండా చేయగలిగాక ఆఫీసులో చేరాను.

అక్కడి ఆఫీసర్ ఉత్తరాదివాడు. కన్నడం రాదు, తెలుగు రాదు. నాది ఏ ఊరని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పగానే సంతోషపడి, నన్ను తలుపు దగ్గర ముందు గదిలో కూర్చోబెట్టాడు. భూములిచ్చిన రైతులు వస్తే వాళ్ళు చెప్పింది తనకు, తను చెప్పింది వాళ్ళకు చెప్పడం నా పని. నా బల్ల మీద కంప్యూటర్ లేదు. బెంగళూరు నుంచి నాతోపాటే చేరిన అబ్బాయిని లోపల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. మంచి అబ్బాయే, పనీ బాగా చేసేవాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అతని తెర మీది గళ్ళు నాకు కనబడేవి.

కొన్నాళ్ళు చూసి, నాకూ ఎక్సెల్ వచ్చునని, కొత్త వెర్షనే నేర్చుకుని వచ్చానని ఆఫీసర్‌కు చెప్పాను. ఆయన కసురుకోలేదు. చాలా మర్యాదగా, ఆ పని ఎవరైనా చేస్తారని, ఈ జనంతో మాట్లాడటం నా ఒక్కదానికే వచ్చని అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు.

ఒకరోజు మా ఊరి గొర్రెలవాళ్ళు వచ్చారు. వాళ్ళతో మా నాయన కూడా ఉన్నాడు. కోసి పారేస్తున్న గడ్డే కదా, పొద్దుటిపూట కంచె వెంబడి గొర్రెలను మేపుకోనిమ్మని అడిగారు. అంతకుముందూ ఒకసారి అడిగిపోయారట. పైవాళ్ళు కుదరదన్నారని ఆఫీసర్ ఫోన్లో అనడం నేను అప్పటికే విన్నాను. ఇప్పుడాయన, పరిశీలిస్తున్నామని చెప్పు అన్నాడు.

అందరూ నా నోరే చూస్తున్నారు. నేను చెబుతున్నానంటే అది నిజమేనని నమ్ముతారు. ముఖ్యంగా మా నాయన నమ్ముతాడు.

"ఒప్పుకోల్యా నాయనా," అన్నాను. "పరిశీలిస్తాండామని చెప్పమంటాండాడు. ముందే కాదన్నారు."

ఒక్కొక్కరే తువ్వాలు దులుపుకుని లేచారు. మా నాయన ఆఫీసర్‌కు దండం పెట్టి మరీ బయటికి నడిచాడు. ఆ దండం చూసి నాకు ఒళ్ళు మండింది. ఏం చెప్పావని ఆఫీసర్ అడిగితే చెప్పింది చెప్పాను.

మరుసటి రోజునుంచి ముందు గదిలో ఇంకొకరు కూర్చున్నారు. నాకు లోపల, ప్రింటర్ పక్కన కుర్చీ వేశారు. పని ఇవ్వలేదు, పొమ్మనీ అనలేదు. ఇంటర్న్‌షిప్ గడువు ముగిసేదాకా ఆ కుర్చీలో కూర్చుని, కాగితాలు బయటికి వచ్చే చప్పుడు వింటూ గడిపాను. చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్లో ఫైనాన్స్ విభాగంలో పనిచేసినట్టు రాశారు.

నిజం చెప్పినందుకు ఊళ్ళోవాళ్ళైనా నా పక్కన ఉంటారనుకున్నాను. ఒక సాయంత్రం మా అమ్మ కొళాయి దగ్గర్నుంచి బిందె సగం నింపుకునే వచ్చేసింది. ఏందమ్మా అన్నాను. బిందె దించి, పైట చెంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆఫీసోళ్ళు ఏమనకపాయ, మన పిల్లే కాదనింది అని కొళాయికాడ అంటాండారే," అంది.

మా నాయన అరుగు మీదే ఉన్నాడు, విన్నాడు. అది అబద్ధమని, ఆ రోజు తనూ అక్కడే ఉన్నానని అంటాడేమోనని చూశాను. లేచి, కొడవలి తీసుకుని నూరడానికి కూర్చున్నాడు. మర్నాడు ప్యానెళ్ళ కింద గడ్డి కోత ఉండింది.