సినిమాలో లేని షాట్

మెట్రో రైళ్లు అమీర్‌పేట మీదుగా తిరగడం మొదలైన మరుసటి ఏడాది, జూలై నెలలో, ఒక తెలుగు సినిమాను పరీక్షించే కమిటీకి నన్ను అధికారిగా వేశారు. చోటు పంజాగుట్టలోని ఒక ప్రివ్యూ థియేటర్. విడుదలకు ముందు సినిమా చూసి, దాన్ని ఎవరు చూడొచ్చో నిర్ణయించి సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు మాది. జనం భాషలో సెన్సారోళ్లం. ఏ పెళ్లికి వెళ్లినా "జీతమిచ్చి మరీ సినిమాలు చూపిస్తారు, ఎంత అదృష్టమండీ" అనేవారు. పొద్దున్నే పదింటికి నరుకుళ్లు చూడటం ఏమంత భోగం కాదని వాళ్లకు చెప్పి లాభం లేదు.

మా పద్ధతి ఇది. అధికారి ఒకరు, బయటి నుంచి వచ్చే సభ్యులు నలుగురు. చీకట్లో ఒళ్లో పుస్తకం పెట్టుకుని, తెర మీంచి కళ్లు తిప్పకుండా రాసుకోవాలి. లైట్లు వెలిగాక ఒకరితో ఒకరు చర్చించకుండా ఎవరి నివేదిక వాళ్లు నింపాలి. ఆ తర్వాతే సినిమావాళ్లను లోపలికి పిలిచి, అభ్యంతరాలు చదివి, వాళ్ల మాట విని, సంతకాలు చేస్తాం.

ఆ సినిమా ఒక సంగీత నాటకానికి తెర రూపం. దర్శకుడు సుధాకర్ తండ్రి ఆ నాటకం రాసి, అమీర్‌పేటలో ఒక చర్చి హాల్లో చాలా ఏళ్లు ఆడించారట. కూతుర్ని చంపిన నలుగురినీ ఒక పెళ్లి బ్యాండు మాస్టర్ ఊరేగింపుల సందడిలో ఒక్కొక్కరిగా చంపుతాడు. ప్రతి హత్యా పాటలోనే జరుగుతుంది. సభ్యుల్లో ఒకరు మేరీ సులోచన గారు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. "చర్చి హాల్లో ఆడిన నాటకం అంటే ఏదో భక్తి సినిమా అనుకుని వచ్చానండీ" అంటూ ఇంటర్వెల్లో టీ ముట్టకుండానే కప్పు కింద పెట్టేశారు.

మూడో హత్య రెండో సగంలో వస్తుంది. మాస్టర్ కత్తి ఎత్తుతాడు. పాట ఒక్క దరువు పాటు ఆగి, మళ్లీ అందుకుంటుంది. నాకు ఒళ్లు జలదరించింది. పుస్తకంలో రాసుకున్నాను: గొంతు కోయడం, క్లోజప్, నెత్తురు చిమ్ముతుంది.

నివేదికలు తెరిచి చూస్తే, ఐదుగురిలో ముగ్గురం అదే షాట్ రాశాం. సులోచన గారు, ఇంకో సభ్యుడు, నేను. అది చాలా ఘోరంగా ఉందని, సర్టిఫికెట్ నిరాకరించాలని ముగ్గురం సిఫారసు చేశాం. మిగతా ఇద్దరూ పెద్దవాళ్లు మాత్రమే చూడగల 'ఏ' సర్టిఫికెట్ ఇస్తే చాలన్నారు. మెజారిటీ మాదే. నిరాకరిస్తే సినిమా పై కమిటీకి పోవాలి, నెలలు గడుస్తాయి, ఆ పేరు పడ్డాక హాళ్లు దొరకడం కూడా కష్టమే. సుధాకర్‌కు అది మొదటి సినిమా. అతని ఎదుట ఆ మాట చదవాల్సింది నేనే.

చదివాను. అతను చేతులు కట్టుకుని నిలబడి మిగతా అభ్యంతరాలన్నిటికీ తలూపాడు. గొంతు కోసే షాట్ దగ్గర మాత్రం తలెత్తాడు.

"సార్, గా షాట్ సినిమాల లేదు. నేను తియ్యనే లేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. సర్వీసులో ఎందరో ఎన్నో బుకాయించారు గానీ, ఇప్పుడే చూసినదాన్ని లేదన్నవాడు లేడు. ముగ్గురం విడివిడిగా రాశామని, ముగ్గురికీ ఒకే కల రాదని గట్టిగానే అన్నాను.

"మీరు అబద్ధం రాసిన్రు అంటలేను సార్. ఒక్కపారి మల్ల ఏసి సూడుండ్రి" అన్నాడు. మాట వెనక్కి తీసుకోలేదు.

సంతకాలు కాకముందు ఏ భాగాన్నయినా మళ్లీ వేయించుకునే వీలు అధికారికి ఉంటుంది. నిజం చెప్పాలంటే, అతని నోరు మూయించడానికే వేయించాను. మాస్టర్ కత్తి ఎత్తాడు. పాట ఆగింది. డ్రమ్ము తోలు మీద ఒక చెయ్యి పడింది. నేల మీద ఎర్ర శాలువా పడింది. అంతే. ఇంకోసారి వేయించాను. మధ్యలో ఏదో ముక్క ఎగిరిపోయిందన్నారు సులోచన గారు. నాకూ అదే అనుమానం. ప్రొజెక్టర్ గదిలోంచి ఆపరేటర్ యాదగిరి తల బయటపెట్టాడు.

"గదే సినిమా సార్, నేను దేన్నీ ముట్టలే. జర సౌండ్ బంద్ జేసి సూడుండ్రి."

శబ్దం లేకుండా చూశాం. కత్తి, చెయ్యి, శాలువా. ఒళ్లు జలదరించకపోగా, శాలువా కాస్త నాసిరకంగా కూడా కనిపించింది. నెత్తురు చుక్క లేదు. లేనిదాన్ని పాట మాకు చూపించింది, మేం చూశామనుకుని రాశాం.

"నా కళ్లతో చూశానండీ! మా బళ్లో పిల్లలు ఇలా చెబితే బెంచీ ఎక్కించేదాన్ని" అన్నారు సులోచన గారు. నేనూ బెంచీ ఎక్కాల్సినవాణ్నే.

సుధాకర్ గెలిచిన మొహం పెట్టలేదు. "మా నాయిన నాటకంల సుత ఈ పాట గంతే సార్. కత్తి తాకుడు ఎన్నడూ సూపియ్యలే" అన్నాడు.

ముగ్గురం ఆ వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, సిఫారసు మార్చాం. నిజంగానే తెర మీద ఉన్న రెండు నరుకుళ్లను తగ్గించమని చెప్పి, 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చాం. అతను అక్కడికక్కడే ఒప్పుకుని, బయటికెళ్లి తండ్రికి ఫోన్ చేశాడు. "అయిపోయింది నాయినా, పాట మొత్తం ఉన్నది" అనడం తలుపు సందులోంచి వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను. అతని కోసం కొంత, నా కోసం ఎక్కువ. ఇంకో పది నిమిషాలు గడిస్తే ఆ కాగితం నా సంతకంతో కవర్లోకి పోయేది. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌కు నడిచే వెళ్లి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, కట్ చేయాలని రాసిన ప్రతి షాట్‌నూ శబ్దం ఆపి మళ్లీ వేయించాకే సంతకం చేశాను. భోజనం ఆలస్యమవుతోందని సభ్యులు సణిగేవారు. అలా చూస్తే మరో మూడు షాట్లు అసలు లేవని తేలింది. అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఇలాంటివి ఎన్ని కోయించానో నాకు తెలియదు. అప్పట్లో ఏ దర్శకుడూ ఆ షాట్ లేదని నాతో అనలేదు. గొడవెందుకని ఆ చోటికి దగ్గర్లో ఉన్న ఇంకేదో ముక్క కోసి తెచ్చి ఉంటారు. కోత పడిందా లేదా అన్నదే నేను చూసుకుని సంతకం పెట్టాను.