నాయిన పెన్సిలు, కొత్తవాడ ముసలమ్మ

మా మేనత్త అన్న మాట ఆమెకు గుర్తుండదు. నాకు గుర్తుంది. నేను మొదటిసారి స్టూడియో కెమెరా మెడలో వేసుకుని బయటికి వస్తుంటే, ఆమె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఆడివిల్ల కెమెరా ముంగట కూసోవాలె గని ఎనక నిలవడుడేందే?" అంది.

ఇంట్లో అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. ఎవరెవరు ఎక్కడ నిలబడి నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మాది వరంగల్ బజారులో తాత పెట్టిన స్టూడియో. తాతకూ, ఆయన తర్వాత నాయినకూ పేరు తెచ్చింది టచింగ్. ప్రింటు వేయకముందే నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో చేసే పని అది. ముడతలున్న చోట, అమ్మవారి మచ్చలున్న చోట నెగెటివ్ పలచగా ఉంటుంది. ఆ పలచని చోట్లను చిన్న చిన్న చుక్కలతో నింపితే ప్రింటులో ముఖం నున్నగా వస్తుంది. తెర చాటున, కిటికీ దగ్గర ఏటవాలు బల్ల ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి చేయాలి. అన్నకు ఆ ఓపిక లేదు కాబట్టి బల్ల నాకు దక్కింది. కెమెరా, డార్క్‌రూమ్ మాత్రం అన్నవే అన్నారు. పరకాల నుంచి పెండ్లి ఫోటోల కోసం వచ్చినవాళ్లు "నీ కొడుకు చేతిల కళ ఉన్నదే" అంటే నాయిన తలూపేవాడు. ఆ కళ తెర వెనక కూర్చుని వింటూనే ఉండేది.

నా పెన్సిలు తప్పినప్పుడు నాయిన ఆ నెగెటివ్‌ను డార్క్‌రూమ్‌లోకి తీసుకుపోయి, తప్పు మాయం చేసి తెచ్చేవాడు. ఎట్లా అని అడిగితే, "నీకెందుకే? అది అన్నకు చెప్పేది" అనేవాడు. ఘాటైన వాసన ఒక్కటే తెర దాటి నా దాకా వచ్చేది.

డెబ్బైల చివర అన్న బ్యాంకు నౌకరీకి పోయాడు. నాయిన కెమెరా నా చేతికిస్తూ, "అన్న మనసు మారి అచ్చేదాక" అన్నాడు. డార్క్‌రూమ్ తాళంచెవి ఆయన మొలకే ఉండిపోయింది.

ఆ ఎండాకాలం హనుమకొండలో ఫోటోల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. గిరాకీ కోసం తీసినవి కాదు, కళ కోసం తీసినవి కావాలట. నా పేరు మీద ఒక్క ఫోటో ఆ గోడకు వేలాడితే, ఇక "అన్న అచ్చేదాక" అనే మాట నాయిన నోట రాదని నా నమ్మకం.

స్టూడియోలో పరిచేందుకు కొత్త జంపఖానా నేయమని చెప్పడానికి నేతగాళ్లుండే కొత్తవాడ వెళ్లాను. అక్కడ ఒక ముసలమ్మ మగ్గం మీద ఉంది. కప్పులోని అద్దపు పెంకులోంచి వెలుతురు ఆమె చెంప మీద పడుతోంది. మెడలోని కెమెరాలో రీలు అయిపోవచ్చింది, ఇంకొక్క ఫోటోనే వస్తుంది.

"నా మొకంల ఏం సూస్తానవ్ బిడ్డా? జంపఖానా సూడు" అని ఆమె నవ్వింది. నొక్కేశాను.

నాయిన రీలు కడిగి ఆరేశాడు. తీగ మీదే చూసుకున్నాను. ఒక్క ముడత కూడా తప్పిపోలేదు. ఆమె నవ్వు ఉన్నదే ఆ ముడతల్లో.

మర్నాడు నాయిన సంబరంగా ఒక ప్రింటు నా ముందు పెట్టాడు. మగ్గం అదే, వెలుతురు అదే. ముఖం మాత్రం కొత్త పెండ్లికూతురిలా నున్నగా ఉంది. నా నెగెటివ్‌కు టచింగ్ చేసేశాడు!

"నా నెగెటివ్ నిన్నెవలు ముట్టమన్నరు?"

"ముట్టుడేందే? మన పనే గది. ముసల్ది సంబురపడ్తదని కూసోని చేసిన."

"ఉన్న ముసలమ్మను తీసేసి ఎవల్నో కూసోవెట్టినవ్."

"ఉన్నదున్నట్టు సూపెట్టేతందుకు ఇంట్ల అద్దం ఉంటది. మనమెందుకు మల్ల?"

మళ్లీ తీద్దామని కొత్తవాడకు పరుగెత్తాను. మగ్గం ఖాళీగా ఉంది. మనుమరాలి కాన్పుకని ముసలమ్మ వర్ధన్నపేట పోయిందట, ఎప్పుడొస్తుందో తెలియదట. ప్రదర్శనకు ఇవ్వడానికి నా దగ్గర వేరే ఫోటో లేదు. నాయినతో మాట్లాడటం మానేశాను. ఆయన పళ్లెం ముందు కూర్చుంటే నేను లేచిపోయేదాన్ని. "తండ్రీబిడ్డల నడుమ నన్ను జంపఖానా లెక్క తొక్కుతాన్రు" అని అమ్మ మొత్తుకునేది.

గడువు దగ్గర పడ్డాక ఒక పొద్దున నాయిన డార్క్‌రూమ్ తలుపు తీసి, "జర ఇటు రా" అన్నాడు. చీటీ లేని సీసా మూత తిప్పాడు. తెర దాటి వచ్చే వాసన అదే. టర్పెంటైన్.

"నేను కత్తి పెట్టలే. నెగెటివ్‌ను కత్తితోని గీకితే పోయింది మల్ల రాదు. పెన్సిలైతే పోతది. మీ తాత నాకు ముందుగాల నేర్పింది గిదే, తుడుసుడు." దూదిని తడిపి నాకిచ్చాడు. "నువ్వే తుడువు. గట్టిగ ఒత్తకు."

నేను ఊరుకోలేదు. "ఇది అన్నకు చెప్పేది గదా?"

ఆయన సీసా మూత పెడుతూ, "వాడు రాడు తియ్యి" అన్నాడు.

దూది కదిలిన చోటల్లా ఒక్కో ముడత తిరిగొచ్చింది. కంటి కొసల్లోవి, తర్వాత నోటి పక్కవి. నాయిన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. బయటికి వచ్చాక మొల నుంచి తాళంచెవి విప్పి నా బల్ల పక్క మేకుకు తగిలించాడు.

ప్రదర్శనలో నా ఫోటోను తలుపు వెనక పెట్టారు. తలుపు తెరిచినప్పుడల్లా ముసలమ్మ కనబడకుండా పోయేది. ఒక పెద్దమనిషి "మీ నాయిన తీసిండా?" అని అడిగాడు. కింద పేరుంది, చదువుకొమ్మన్నాను. బహుమతి రాలేదు. కానీ నాయిన వచ్చాడు. ఉన్నంతసేపూ ఆ తలుపును చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ముసలమ్మ ఊరి నుంచి వచ్చాక స్టూడియోకు పిలిచి ప్రింటు ఇచ్చాను.

"ఇదెవలు? మా అత్త లెక్కున్నదేంది?" అని పక్కన పడేసింది.

నాయిన మెల్లగా సొరుగు లాగి తన ప్రింటు తీశాడు. "ఆఁ! గిది నేను" అంటూ ఆమె దాన్ని కొంగులో చుట్టుకుపోయింది. నాయిన నా వైపు చూడలేదు. నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగించుకున్నాడు. అదీ నాకు గుర్తుంది.

ఆమె పడేసిన ప్రింటును మాత్రం ఆయనే స్టూడియో ముందరి అద్దాల బీరువాలో, తాత ఫోటో పక్కన పెట్టాడు. అప్పటి నుంచి మా స్టూడియోలో ఎవరు కుర్చీలో కూర్చున్నా ముందు ఒక మాట అడగడం మొదలైంది. మొదట అడిగింది నాయినే. తర్వాత నేను.

ఎనభైలలో ఊళ్లోకి కలర్ వచ్చింది. బ్లాక్ అండ్ వైట్ కోసం మా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. ఒకనాడు మేనత్త కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది, గోడకు పెట్టుకునే ఫోటో కావాలని. కుర్చీ చూపించాను.

"కెమెరా ముంగట మంచిగ కూసో అత్తమ్మా. ముడతలు ఉంచాల్నా, తియ్యాల్నా?"

ఆమెకు ఏమీ గుర్తులేదు. "తియ్యే తల్లీ, అడుగుతవేంది!" అంది.

కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే తీశాను. పెన్సిలుతోనే. కత్తి పెట్టలేదు.