కోల్డ్ స్టార్ట్ గడిలో టిక్కు

పటమటలోని ఒక పాత కార్ల షోరూములో నేను సీనియర్ వాల్యుయేటర్‌గా చేరింది రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఒక ఉగాది వెళ్లిన వారానికి. అంతకు ముందంతా సర్వీస్ సెంటర్లో డీజిల్ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. కొనేవాళ్ల తరఫున బండిని పరీక్షించి, రిపోర్టు రాసి సంతకం పెట్టడం కొత్త ఉద్యోగం. ఆ సంతకం మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మరుసటి వేసవిలో భవానీపురం నుంచి కరీముల్లా వచ్చాడు. పదిహేనేళ్లుగా ఒక డాక్టరు గారి కారు నడుపుతున్న మనిషి. ఆ పని మానేసి సొంత బండిని ట్రావెల్స్‌కి తిప్పుకోవాలని అతని కోరిక. మంగళగిరిలో ఒక చీరల వ్యాపారి డీజిల్ కారు అమ్ముతున్నారంటే, మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం.

డీజిల్ బండిని పరీక్షించాలంటే ఇంజన్ రాత్రంతా ఆగి చల్లారి ఉండాలి. ముఖ్యంగా చూడాల్సింది టర్బోని. టర్బో అంటే సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగ ఊపుతో తిరుగుతూ, ఇంజన్‌లోకి అదనంగా గాలి తోసే చిన్న ఫ్యాను. దాని సీలు అరిగితే రాత్రి ఆయిల్ లోపలికి ఊరి, పొద్దున మొదటి స్టార్టులో నీలం పొగగా వస్తుంది. వేడెక్కాక అదే బండి బుద్ధిమంతుడిలా నడుస్తుంది. అనుమానం ఉంటే గాలి పైపు ఊడదీసి, లోపల ఆయిల్ చేరిందేమో, ఫ్యాను వేలితో కదిపితే ఊగుతోందేమో చూడాలి.

మేం వెళ్లేసరికి వేడికి బానెట్ మీద చెయ్యి పెట్టలేకపోయాం. అమ్మే ముందు చివరిసారిగా కొండమీద గుడికి తీసుకెళ్లి పూజ చేయించుకొచ్చారట. పసుపు కుంకుమలు, ముందు బంతిపూల దండ. ఇంజన్ కూడా నీళ్లు కొట్టి కడిగించడంతో ఆయిల్ మరకలేవీ మిగల్లేదు. ఆయన మోసం చేశారని ఇప్పటికీ అనలేను. దేవుడి దగ్గరికి ఎందుకు తీసుకెళ్లారండీ అని ఎవరం అడుగుతాం?

రేపు వస్తామన్నాను. “రేపు అమావాస్యండీ, ఎల్లుండి పాడ్యమి. ఇవాళే తేల్చేసుకుంటే బాగుంటుంది. అవతల ఇంకొకళ్లు కూడా అడుగుతున్నారు” అన్నారాయన.

కరీముల్లా నా మొహంలోకి చూశాడు. “మీరు ఊఁ అంటే తీసేసుకుంటానండీ” అన్నాడు.

కాజ టోల్‌గేటు దాకా నడిపి చూశాను. పికప్ బాగుంది, పొగ లేదు. పైపు విప్పుదామంటే కాలుతోంది, చల్లారేదాకా కూర్చునే ఓపిక నాకు లేకపోయింది. ఓపిక అనడం కూడా సాకే, అసలు సంగతి పొగరు. ఇన్ని ఇంజన్లు విప్పినవాణ్ణి, శబ్దం వింటే తెలియదా అనుకున్నాను. రిపోర్టులో ‘కోల్డ్ స్టార్ట్’ గడిలో, అంటే చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి చూశానని, టిక్కు పెట్టి సంతకం చేశాను.

కరీముల్లా ఆ బండి కొని రెండు నెలలు తిరక్కుండానే, ప్రయాణికులతో బందరు వెళ్తుంటే పామర్రు దగ్గర రోడ్డంతా నీలం పొగ కమ్మేసింది. టర్బో సీలు పూర్తిగా పోయి, ఇంజన్ తన ఆయిల్ తనే తాగుతూ అదుపు తప్పింది. తాళం తీసేసినా ఆగలేదు. గేరులో పెట్టి ఆపబోతే క్లచ్ కాలింది. అందర్నీ దింపి దూరంగా నిలబెట్టాడట. చివరికి ఇంజన్ పట్టేసి ఆగిపోయింది.

నా దగ్గరికి వచ్చినప్పుడు పోట్లాడతాడనుకున్నాను. “మీరు చూసిన బండే కదండీ, ఎందుకిలా అయిందంటారు?” అని మాత్రం అడిగాడు.

“యంత్రం కదయ్యా, ఎప్పుడేం వస్తుందో ఎవరు చెప్పగలరు?” అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ జవాబు తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

డాక్టరు గారు అప్పటికే వేరే డ్రైవరును పెట్టుకున్నారు. కరీముల్లా ఇప్పుడు ఒక స్కూలు బస్సు నడుపుతున్నాడు. కారు కొనాలనుకున్న తెలిసినవాళ్లను నా దగ్గరికి పంపుతూనే ఉంటాడు. మొన్న ఒకాయన వచ్చి, “మీరు చూస్తే ఇక తిరుగులేదన్నాడండీ కరీముల్లా” అన్నారు.

వేడి ఇంజన్‌ను చూసి రిపోర్టు రాయకూడదు. చూడనిదాని ఎదురుగా చూడలేదనే రాయాలి. ఆ రెండూ నేర్చుకుని, తర్వాత ఏ రిపోర్టులోనూ తప్పలేదు. కరీముల్లా రిపోర్టులో ఏం చేశానో మాత్రం అతనికి ఇంతవరకు చెప్పలేదు.