మూడు వేళ్ల గుంటలు

1981 మే 12, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. కామారెడ్డిలో మా బేకరీలో, ఇంకా కాల్చని ఒక డబల్ రొట్టె మీద మూడు వేళ్ల గుంటలు కనిపించాయి. ముందురోజే, మా ఉస్తాద్ చనిపోయిన నలభయ్యో రోజున చదివే ఫాతెహా ప్రార్థనకు వెళ్లి వచ్చాం.

ఉస్తాద్ మా బట్టీ దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన పెద్ద మేస్త్రీ. రేకు డబ్బాల్లో పిండి పొంగాక వరుసకొకదాన్ని మూడు వేళ్లతో నొక్కి చూసేవారు. గుంట మెల్లగా పూడితే బట్టీలోకి. పూడకపోతే పిండి అదను దాటినట్టే. ఆ వరుసంతా తీయించి కొత్త పిండిలో కలిపి పిసికించేవారు. మా రొట్టె కొనే ఎల్లారెడ్డి ఊరి దుకాణాలకు పోనిచ్చేవారు కాదు. పిండి యంత్రంలో పడి ఆయన నడిమి వేలు సగం పోయింది. అందుకే ఆయన గుర్తు ఇంకెవరికీ రాదు: పక్కవి రెండూ పొడుగు, మధ్యది పొట్టి.

ఆ మంగళవారం కనిపించింది అదే గుర్తు.

"నువ్వు నొక్కినవా?" అని పిట్లం నుంచి వచ్చిన కొత్త మేస్త్రీని అడిగాను.

"నేను ముట్టలే అక్కా, అల్లా కసమ్."

"మరి పిల్లి నొక్కిందా?"

"పిల్లికి గంత వేళ్లుంటయా?" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

పెళ్లిళ్ల రోజులని మా ఆయన ఆ పూట బిస్కట్ల పళ్లేలు ముందు బట్టీలో పెట్టించారు. రొట్టె పిండి ఆ ఎండలో కాచుకుని ఉంది.

"ఐదు గంటల బస్సు పోతది. ఎల్లారెడ్డి గిరాకీ పోతే బట్టీ మూసుకునుడే. పెట్టుండ్రి లోపలికి," అని ఆయన తడిచేత్తో గుంటలు చదును చేయించారు. కాలి బయటికి వచ్చిన రొట్టె మీద మూడూ మళ్లీ ఉన్నాయి. ఆ వరుసంతా కుంగి, పుల్లవాసన వేసింది. అయినా అన్నీ బస్సెక్కాయి.

తరువాత బిస్కట్లు ముందు పెట్టిన ప్రతి రోజూ గుర్తు వచ్చింది. రొట్టె ముందు పెట్టిన రోజు రాలేదు. ఆ మాట చెబితే, "ఎండకు పిండి దిగుతది, గంతే," అన్నారాయన.

ఒక మధ్యాహ్నం స్టూలు వేసుకుని డబ్బాల ముందే కూర్చున్నాను. దగ్గర ఎవరూ లేరు. చూస్తుండగానే పిండి మీద ఒక గుంట దిగింది. దాని పక్కన పొట్టిది, ఆ పక్కన మరొకటి. నొక్కి, ఆగి, ఎత్తినట్టు. అవి పూడలేదు.

ఆ వారంలో నేనే ఎల్లారెడ్డి వెళ్లాను. ఉస్తాద్ చెయ్యి ఎరిగిన బస్టాండు దగ్గరి దుకాణపు అవ్వ, రొట్టె తిప్పి మూడు గుంటలూ చూసి బుట్టలో పడేసింది.

"ఏంది బిడ్డా, ఆయన సచ్చి గూడ వద్దంటుంటే మీరు అమ్ముతరా?"

బుట్ట తిరుగు బస్సులో నాతోనే వచ్చింది. అప్పటినుంచి మా ఆయన రోజూ రొట్టే ముందు పెట్టించారు. గుర్తులు ఆగిపోయాయి. దుకాణాలు మాత్రం మళ్లీ తీసుకోలేదు.

పోయినవి: ఎల్లారెడ్డిలో తొమ్మిది దుకాణాలు. దసరాకు ముందే చల్లారిన బట్టీ ఒకటి. పాత ఇనుము కింద అమ్మేసిన రేకు డబ్బాలు నూట నలభై. ముగ్గురి పని.